గోడ అవతలి గడ్డి

పైపు నర్సప్ప చేతిలోనే ఉంది. నీళ్లు మాత్రం చెట్టుకు పోవడం లేదు.

ప్రహరీ గోడ పొడుగునా కాగితప్పూల తీగ ఎగబాకి, ఆకు కనపడకుండా పూసింది. చిరాగ్‌పల్లి దాటి వచ్చే లారీవాళ్లు కూడా రోడ్డు మీంచే తల తిప్పి చూసిపోయేంత పూత. నర్సప్ప దాని మొదట్లో గొంతుక్కూర్చుని, పైపు మూతిని మట్టివైపు కాకుండా, వాననీళ్లు పోవడానికి గోడ అడుగున వదిలిన తూములోకి తోశాడు. పైన నాలుగు ఎండుటాకులు కప్పాడు. తర్వాత లేచి, పైపును నడుం దగ్గర పట్టుకుని అటొకసారి ఇటొకసారి కదుపుతూ నిలబడ్డాడు. ఫంక్షన్ హాలు ఆఫీసు కిటికీలోంచి చూసేవాళ్లకు మాలి తన పని తాను చేసుకుంటున్నట్టే ఉంటుంది. కనపడాల్సింది కూడా అంతే.

కాగితప్పూల తీగకు కడుపునిండా నీళ్లు పోస్తే ఆకు వేస్తుంది, పువ్వు వేయదు. దాన్ని మాడ్చాలి. మొదట్లో మొరం నేల పగుళ్లివ్వాలి, ఆకు వాలాలి, ఇక బతకనేమోనని దానికి భయం పుట్టాలి. అప్పుడు ఒళ్లంతా పూస్తుంది. పెళ్లిళ్ల ముందు నీళ్లు కట్టేయడం, పూత రాలాక కత్తెర పెట్టి కొమ్మలు కురచ చేయడం, ముళ్లు గీరుకోకుండా చూసుకోవడం. దాని చాకిరీ మొత్తం ఇంతే. ఈ ముక్క నర్సప్పకు తెలుసు. హాలు యజమాని విష్ణువర్ధన్‌కు తెలియదు. తెలియకపోవడం మీదే నర్సప్ప తిండి నడుస్తోంది.

ఆవరణ మధ్యలో, ఫౌంటెను చుట్టూ, ఖాతూన్ చూసుకునే మెట్టతామర మడి ఉంది. అరటికి చుట్టాల్లాంటి వెడల్పాటి ఆకులు, చివరన పసుపూ ఎరుపూ కలిసిన పెద్ద పువ్వులు. వాటి కాళ్లు ఎప్పుడూ తడిలో ఉండాలి. పేడ ఎరువు పోయాలి. పూసిన కాడను పూసినట్టే మొదలంటా కోసెయ్యాలి, లేకపోతే పక్క పిలక లేవదు. ఆకు చుట్టేసి లోపల పడుకునే పురుగును విప్పి చేత్తో నలపాలి. ఇవన్నీ ఖాతూన్ చేస్తుంది. చేస్తున్నా ఆకుల అంచులు కాలిన కాగితంలా అయ్యాయి. నీళ్లు లేనిదే ఆమె చేతులు ఏం చేస్తాయి?

ఎండలు ముదిరాక బోరు అడుగంటింది. పొద్దున మోటరు వేస్తే కాసేపే పోస్తుంది. అందులో మొదటి వంతు గోడ తీగకు, రెండో వంతు మడికి. పెద్దవాడని మొదటి వంతు నర్సప్పకు ఇచ్చారు. ఖాతూన్ చేతికి పైపు వచ్చేసరికి మోటరు దగ్గడం మొదలుపెడుతుంది. నీళ్లకంటే గాలే ఎక్కువ వస్తుంది.

ఆ పొద్దున కూడా అదే జరిగింది. ఖాతూన్ పైపు దులిపి, మూతికి కన్ను పెట్టి చూసి, కింద పడేసింది.

"అన్నా," అని వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్కనాడు నీ వంతు నాకియ్యరాదే. మీ తీగ మంచిగనే ఉన్నది గద. మావి జూడు, ముసలోళ్ల లెక్క మూల్గుతున్నయి."

నర్సప్ప తీగ కొమ్మ ఒకటి పట్టుకుని, లేని ఎండు పుల్లను వెతికాడు.

"పైకి మంచిగ అవుపడ్తది చెల్లె. పూతల ఉన్నప్పుడే దీనికి ఎక్కువ నీళ్లు గావాలె. ఇప్పుడు ఆపితే పువ్వంత రాల్తది. సారు నన్ను బతకనిస్తడా?"

"అట్లనా?" అంది ఖాతూన్.

అంతే. అట్లనా అని ఊరుకుంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గడ్డ ఎంత లోతున నాటాలో, పిలకను ఎక్కడ కొయ్యాలో నర్సప్పే దగ్గర కూర్చుని నేర్పాడు. ఆయన నోట వచ్చిన మాట ఆమెకు చెట్ల విషయంలో తిరుగులేనిది. ఆమె బకెట్ పట్టుకుని హాలు వెనక వంటశాలకు పోయింది. పెళ్లి వంటకు బియ్యం కడిగిన నీళ్లు వంటవాళ్లను అడిగి మోసుకొస్తుంది. నడుము ఒక పక్కకు వంచి, కాలికి తగిలి చిందకుండా అడుగులేస్తూ. ఒక్కో చెట్టుకు చెంబెడు. అమ్మ పిల్లలకు పంచినట్టు.

నర్సప్ప అటు చూడలేదు. ఆయన వెనక తూములో నీళ్లు గుటకలు వేస్తూనే ఉన్నాయి.

విష్ణువర్ధన్ ఆ పూట ఆవరణ తిరగడానికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో ఫోను. గోడ దగ్గర ఆగి పూతకు ఫొటో తీసుకున్నాడు. మడి దగ్గర ఆగి చెప్పు కొసతో ఒక ఆకును ఎత్తి వదిలాడు.

"ఖాతూన్, ఏందిది?"

"నీళ్లు అందుతలెవ్వు సార్."

"నర్సప్పకు అందుతున్నయి, నీకెందుకు అందుతలెవ్వు? బోరు ఒక్కటే గద." ఇద్దరినీ పిలిచి పక్కపక్కన నిలబెట్టాడు. "జూడు. అదీ చెట్టే, ఇదీ చెట్టే. అది నవ్వుతున్నది, ఇది ఏడుస్తున్నది. చేసేటోళ్ల చేతిల ఉంటది."

కాగితప్పూలనూ మెట్టతామరనూ పోల్చాలంటే ఆ రెండింటి వేళ్లు చూడాలి, నేల చూడాలి. అంత ఓపిక యజమానులకు ఉండదు. మనుషులను పోల్చడం సులువు. ఒకరిని చూపించి ఇంకొకరిని బెదిరించొచ్చు.

"గీ పెళ్లిళ్లు అయినంక ఇద్దరు మాలీలు నాకొద్దు," అన్నాడు విష్ణువర్ధన్. "నీళ్లు లెవ్వు, తోట సగం జేస్తున్న. ఎవలి దిక్కు జనం నిలబడి ఫొటోలు దిగుతరో ఆ దిక్కు చెట్లుంటయి, ఆ చెట్లు జూసేటోళ్లు ఉంటరు. గంతే. నాకు ఎవ్వల మీద పగ లేదు."

పగ లేదట. నవ్వుతూనే చెప్పి, కారు ఎక్కి పోయాడు.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర నర్సప్ప భార్య సీతాబాయి రొట్టెలు కొడుతోంది. పీట మీద జొన్నపిండి ముద్ద అరచేతి కింద గుండ్రంగా విచ్చుకుంటోంది. నర్సప్ప గడప మీద కూర్చుని సంగతి చెప్పాడు, తూము సంగతి తప్ప.

"అయితే నిన్నే ఉంచుతడు," అంది సీతాబాయి. రొట్టెను పెనం మీద వేసి నీళ్ల చెయ్యి రాసింది. "నీ మోకాళ్లకు ఇంకో పని ఎవ్వడిస్తడు? చెరుకు నరుకవోతవా? ఉంచనీ." మళ్లీ తనే ఆగింది. "ఆమె సంగతే పాపం. మొగుడు లేడు. బిడ్డ సానియాకు ఇంక సదువు కాకపాయె."

"ఊఁ."

"నువ్వే జర ఏదన్నా జెయ్యరాదు? నీ నీళ్లళ్ల కొన్ని ఆమెకియ్యి. అన్నా అన్నా అని తిరుగుతది."

నర్సప్ప రొట్టె తుంపాడు. పచ్చడి అద్దుకున్నాడు. నోట్లో పెట్టుకోకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఇవ్వాలనుకోలేదా? అనుకున్నాడు. కానీ ఇస్తే ఏమవుతుంది? రెండు మూడు వారాలు గోడ తీగకు చుక్క పోయకపోయినా అది అలాగే పూస్తూ ఉంటే, కిటికీలోంచి చూసే మనిషి గుడ్డివాడు కాడు కదా. ఈ తీగకు నీళ్లు అక్కర్లేదా, నీళ్లు పోసే మనిషి మాత్రం ఎందుకు అనేస్తాడు. అందుకే పైపు పట్టుకోవాలి. తీగకు పోస్తే పూత పోతుంది. ఖాతూన్‌కు ఇస్తే పని పోతుంది. మిగిలింది తూము. ఈ లెక్క నర్సప్పకు ఎన్నిసార్లు వేసుకున్నా సరిగ్గానే వస్తోంది. సరిగ్గా వచ్చిన ప్రతిసారీ మెడ కింద చెమట పడుతోంది.

"తిను," అంది సీతాబాయి. "సల్లగయితే గట్టిపడ్తది." తర్వాత రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. "రేపు ఖాతూన్‌కు ఇయ్యి. పొద్దున ఏం దినకనే వస్తదట."

మర్నాడు ఆ రొట్టెలు ఇస్తూ నర్సప్ప ఆమె మొహం చూడలేకపోయాడు. ఖాతూన్ అక్కడే మడి గట్టు మీద కూర్చుని తింది. "వదినె చేతిల ఏమున్నదో గానీ, మా ఇంట్ల జేస్తే గిట్ల ఉబ్బయి," అని నవ్వింది. సగం దాచి, కూతురికని మళ్లీ చుట్టుకుంది.

ఆమె వంటశాల వైపు పోగానే గేటు దగ్గర శరణమ్మ కనపడింది. గోడ వెనక బీడులో మేకలు కాసుకునే ముసలామె. గేటు కమ్మీల మధ్య మొహం పెట్టి గట్టిగా పిలిచింది.

"ఓ నర్సప్పా! నీ కడుపు సల్లగుండ! గీ ఎండలల్ల యాడ జూసినా గడ్డిపోచ లేదు, మీ గోడెనుక జూస్తే మోకాలెత్తు గరిక! నా మేకలు ఆడికెళ్లి కదుల్తలెవ్వు. ఎవ్వలు వదుల్తున్నరు గీ నీళ్లు, నువ్వేనా?"

నర్సప్ప గేటు దాకా పరుగులాంటి నడకతో పోయాడు. "మెల్లగ మాట్లాడవే. ఏదో పైపు కార్తున్నది."

"కారనీ, కారనీ. బాగు జెయ్యకుండ్రి." పళ్లు లేని నోటితో నవ్వింది. "పుణ్యమొస్తది నీకు."

పుణ్యం! నర్సప్ప తిరిగి చూశాడు. ఖాతూన్ బకెట్‌తో వంటశాల మలుపు తిరిగి వస్తోంది. విన్నదా? వినలేదనే అనుకున్నాడు. ఆమె ఎప్పటిలా చెంబు ముంచి ఒక్కో మొదట్లో పోసుకుంటూ పోయింది. ఆ రోజు మాత్రం తన వంతు నీళ్ల గురించి మాట ఎత్తలేదు.

ఆ ఎండాకాలపు ఆఖరి పెళ్లి జహీరాబాద్ బట్టల వ్యాపారి ఇంటిది. ఊరు ఊరంతా వచ్చినట్టుంది. కోహీర్ నుంచి, న్యాల్‌కల్ నుంచి జీపులు. బీదర్ నుంచి మగపెళ్లివాళ్లు. ఫొటో తీసే కుర్రాళ్లు కొత్తజంటను లోపలినుంచి నేరుగా గోడ దగ్గరికే తీసుకొచ్చారు. వాళ్ల తర్వాత చుట్టాలు, చుట్టాల పిల్లలు. తీగ కింద నిలబడి, పూలు తల మీద రాల్చుకుని, నవ్వి, ఫోన్లు పైకెత్తి. మడి వైపు ఒక్కరూ పోలేదు. పోయిన ఒకావిడ కూడా పిల్లవాడికి మూతి కడగడానికి పోయింది.

విష్ణువర్ధన్ పెళ్లిపెద్దలతో కలిసి నడుస్తూ వచ్చాడు. వాళ్లు పూతను మెచ్చుకున్నారు. మాలి ఎవరని అడిగారు. నర్సప్ప భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు యజమాని.

"మావోడే. చేయి వెడ్తే చాలు, రాయి గూడ పూస్తది." మడివైపు గడ్డం ఎగరేశాడు. "ఆడ ఒకామె ఉన్నది, యాడాదంత నీళ్లు తాపి ఎండబెట్టింది. ఖాతూన్! ఇటు రా. జూడు, అన్న దగ్గర నేర్సుకో. అయినా ఇంకేం నేర్సుకుంటవ్ లే, రేపటి సంది నువ్వు రానక్కర్లే."

నలుగురిలో అన్నాడు. పెద్దమనుషులు మర్యాదగా వేరే దిక్కు చూశారు. ఖాతూన్ కొంగు లాక్కుని నిలబడింది. ఆమె యజమానిని చూడలేదు. నర్సప్పను చూసింది. తప్పు పట్టే చూపు కాదు. ఎదురుచూసే చూపూ కాదు. సంతలో మేకను కొనేవాడు దాని పళ్లు చూసినట్టు, ఇది ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకునే చూపు. నర్సప్ప దాన్ని సాయం అడిగే చూపు అనుకున్నాడు. నోరు తెరవాల్సింది అప్పుడే. భుజం మీద యజమాని చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. ఆ చెయ్యి తీసేదాకా ఆయన కదల్లేదు.

"గడ్డలు పారేస్తరు గద సార్," అంది ఖాతూన్ చివరికి. "నేను తీస్కపోత."

"తీస్కపో. నర్సప్పా, రేపు పొద్దుగాల మడి మొత్తం తవ్వేయ్యి. ఆమెకు సాయం జెయ్యి."

పొద్దున ఇద్దరూ మడిలో దిగారు. నర్సప్ప గడ్డపార వేస్తే ఖాతూన్ గొంతుక్కూర్చుని మట్టి విదిల్చి గడ్డలు తీస్తోంది. పైన ఆకు మాడి, కాడ వాలి, చచ్చిన చెట్టే అనిపించింది. కింద వేరు. మొదటి మట్టిపెళ్ల తిరగేయగానే పిడికిలంత గడ్డలు ఒకదాన్నొకటి కౌగిలించుకుని బయటపడ్డాయి. గోరు గుచ్చితే పాలతెలుపు. కణుపు కణుపుకూ ఎర్రటి మొటిమలాంటి మొలక.

ఖాతూన్ ఒకదాన్ని కొంగుతో తుడిచి చేతిలో తిప్పింది.

"జూడన్నా. సావలే. పైపైన ఎండింది గంతే. ఒక్క వాన పడితే లేస్తుండె."

నర్సప్పకు ఆ సంగతి తెలుసు. నేర్పింది తనే. తెలిసి కూడా, ఆ గడ్డను ఆమె చేతిలో చూసేసరికి, ఎత్తిన గడ్డపారను వేయకుండా ఆపాడు. బియ్యపు నీళ్లు చెంబెడు చెంబెడు పోసి బతికించుకుంది. అవతల గరిక మోకాలెత్తు పెరిగింది.

ఖాతూన్ గడ్డలను సంచిలో వేస్తోంది. గట్టు వారగా ఉన్న వరుస దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇవి తియ్యకు. ఉండనీ." పైన ఎండు కాడలు కోసేసి, మట్టి కప్పి, అరచేత్తో చదును చేసింది. కింద ఏమీ లేనట్టే అయింది.

"ఎందుకు?"

"ఉండనీ అన్న గద."

నర్సప్ప గడ్డపార నేల మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఆఫీసు వైపు నడిచాడు. నడుస్తున్నంతసేపూ తను ఏదో గొప్ప పని చేయబోతున్నట్టే ఉంది. ఛాతీ తేలికైంది కూడా.

విష్ణువర్ధన్ కూలర్ ముందు కూర్చుని ఫోనులో ఏవో వీడియోలు చూస్తున్నాడు.

"సార్, ఒక మాట. మెట్టతామర సావలే. ఖాతూన్ తప్పేం లేదు. నీళ్లు నేనే పోనీయలే."

"అంటే?"

"గోడ తీగకు నీళ్లు పోస్తే పువ్వు రాదు సార్. నా వంతు నీళ్లు తూములకు ఇడిసిన. ఆమెకియ్యలే. మీరు ఆమెను తీసెయ్యకుండ్రి సార్. తప్పు నాది."

తిడతాడనుకున్నాడు. కొట్టినా పడదామనుకునే వచ్చాడు. విష్ణువర్ధన్ ఫోను బల్ల మీద బోర్లించాడు. ఆలోచించాడు. మొహంలో కోపం లేదు, ఏదో మంచి కబురు విన్నట్టుంది.

"అయితే ఆ తీగకు నీళ్లే అక్కర్లే?"

"అక్కర్లే సార్. అంటే, ఇప్పుడయితే..."

"మరి పొద్దుందాక నువ్వేం జేస్తున్నవ్ నర్సప్పా?"

నర్సప్ప కిటికీలోంచి కనపడుతున్న గోడ తీగవైపు చూశాడు.

"గీ మాట ముందుగాలనే జెప్పాలె గద!" యజమాని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "మంచిదే. మధ్యల ప్లాస్టిక్ గడ్డి పరుస్త. హైదరాబాద్‌ల అందరు గదే ఏస్తున్నరు. నీళ్ల గోలే ఉండది. పూత అయిపోయినంక ఫోన్ జేస్త, వచ్చి కొమ్మలు కత్తిరించిపో. రోజు ఎందుకు రావుడు, ఉట్టిగ."

"సార్, ఖాతూన్..."

"ఆమె సంగతి నిన్ననే అయిపాయె గదనయ్యా."

ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నర్సప్ప బయటికొచ్చాడు.

ఖాతూన్ సంచి మూతి కడుతోంది. ఆయన ఆమె ఎదుట గట్టు మీద కూలబడ్డాడు. చెప్పాడు. తూము దగ్గర మొదలుపెట్టి, ప్లాస్టిక్ గడ్డి దాకా చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆమె తిడితే బాగుండునని ఎదురుచూశాడు.

తాడు ముడి వేస్తున్న ఆమె చేతులు ఆగాయి.

"తూము సంగతి నాకెర్కనే," అంది. "శరణమ్మ అర్సినప్పుడే ఇన్న. నీళ్లు పోసుడు అయినంక బకెట్ ఆడ వెట్టి, గోడెనుకకు వోయి జూసొచ్చిన. గడ్డి ఎట్ల పెరిగింది! అల్లా! నా చెట్లకు వోవాల్సిన నీళ్లు."

నర్సప్ప తలెత్తాడు. "మరి... సారుకెందుకు జెప్పలే? నిన్న అందర్ల అన్నప్పుడన్నా..."

"జెప్తే ఏమొస్తుండె? ఇయ్యాల నువ్వు జెప్తే ఏమొచ్చింది?" గొంతు పెంచలేదు. "ఇద్దర్ని ఎల్లగొట్టేటోడు. నేనెట్లన్నా పోయేదాన్నే. నువ్వన్నా లోపలుండాలె అనుకున్న. నీ మీద ప్రేమతోని, పావురంతోని కాదు. ఆ వరుస అందుకే ఇడిసిన. వానలకు మొలుస్తయి. మొలిచినంక సారు కాడికి నువ్వే వోతవనుకున్న. సార్, మెట్టతామర లేసినయి, నాతోని ఒక్కనితోని అయితలేదు, ఖాతూన్‌ను పిలుద్దాం అంటవనుకున్న. అనకపోతే నేనొచ్చి గోడెనుక గడ్డి యాది జేసేదాన్ని."

ఆమె ముడి బిగించింది.

"మనిషికి సిగ్గు ఉన్నన్ని దినాలు మన మాట ఇంటడు. నీ సిగ్గు నాకు పనికొస్తదనుకున్న. గదొక్కటే ఉండె నా దగ్గర. తీస్కపోయి సారుకిచ్చి వచ్చినవ్."

నర్సప్ప ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"ఎందుకిచ్చినవ్? నీ మనసు తేలికయ్యెటందుకు. అయిందా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. కొంగు నడుముకు దోపుకుని, గడ్డపార తనే అందుకుంది. గట్టు వారన, పొద్దున తను అరచేత్తో చదును చేసిన చోట పోటు వేసింది. నర్సప్ప లేచి గడ్డపార పట్టుకోబోతే మోచేత్తో పక్కకు నెట్టింది. ఒక్కో మట్టిపెళ్లనూ తిరగేసింది. దాచిన గడ్డలన్నీ ఏరి, మట్టి విదిలించి, కట్టిన మూతి మళ్లీ విప్పి సంచిలో వేసింది. ఒక్కటి కూడా వదల్లేదు. మడి అంతా గుంతలు.

సంచి నిండింది. రెండు చేతులతో ఎత్తబోయింది. మోకాళ్ల దాకా లేచి మళ్లీ కిందికి జారింది. తలకు చుట్టకుదురు పెట్టుకుని, ఆవరణంతా చూసింది. ఇంకెవరూ లేరు.

"ఎత్తు," అంది.

నర్సప్ప వంగి సంచి అడుగున చేతులు వేశాడు. లేపి, ఆమె తల మీదికి చేర్చాడు. కుట్లలోంచి ఎర్రమట్టి జలజలా రాలి ఆయన కళ్లలో పడింది. తుడుచుకోవడానికి చెయ్యి వదిలితే సంచి ఒరుగుతుంది. ఆమె మెడ నిలబెట్టుకుని, బరువు సరిచూసుకుని, మొదటి అడుగు వేసేదాకా ఆయన అలాగే, కళ్లు మంటలెత్తుతుంటే, పట్టుకుని నిలబడ్డాడు.